కంపెనీ లేకపోతే ఏం? బిల్లు మన పేరు మీదే రాద్దాం

పోయిన ఏడు పుంగనూరులో నాలుగు రోజులు ఒక పని చేశాను. ఒక శిక్షణ సంస్థ వాళ్ల కార్యక్రమానికి ఫోటోలు, వీడియో, పోస్టర్ల డిజైను. మాట్లాడుకున్నది 36,000 రూపాయలు. పని బాగుందన్నారు, భుజం తట్టారు. డబ్బుల దగ్గరికి వచ్చేసరికి అకౌంట్స్ చూసే ఆయన అడిగాడు.

"ఏమబ్బా, నీకు ఫర్మ్ ఉండాదా?"

"లేదు సార్."

"కంపెనీ?"

"లేదు సార్."

"అట్లయితే బిల్లు ఎట్ల ఇస్తావు? ఎవురిదైనా ఫర్మ్ బిల్లు తెచ్చుకో పో."

మాది మదనపల్లె పక్కన ఊరు. మదనపల్లెలో ఇట్ల బిల్లులు "సర్దుబాటు" చేసే షాపాయన ఒకాయన ఉన్నాడని తెలుసు. ఆయన దగ్గరికి పోయాను. ఆయన కెమెరా పట్టలేదు. బస్సెక్కి పుంగనూరుకు రాలేదు. రాత్రి రెండు దాకా కూర్చుని ఎడిటింగ్ చేయలేదు. బిల్లు బుక్కులోంచి ఒక కాగితం చింపాడు, అంతే. పది శాతం కమీషను, పద్దెనిమిది శాతం "ట్యాక్సులకు" అన్నాడు. మొత్తం 10,080 పట్టుకున్నాడు. నా చేతికి వచ్చింది 25,920. అది కూడా రెండున్నర నెలల తర్వాత.

ఆ రోజు నాకు కోపం రాలేదు. "థాంక్స్ అన్నా" అని చెప్పి మరీ వచ్చాను. కోపం తర్వాత వచ్చింది, కూర్చుని చదివాక. నేను డిగ్రీ చదివినోడిని. మీటింగుల్లో హక్కుల గురించి మాట్లాడేవాడిని. నా కష్టానికి నేను బిల్లు రాసుకోవచ్చని మాత్రం తెలియలేదు. ఈ వ్యాసం ఆ సిగ్గుతోనే రాస్తున్నా.

ఒక్క ముక్కలో చెప్తా: చేసిన పనికి బిల్లు ఇవ్వాలంటే కంపెనీ ఉండాలని ఏ చట్టమూ చెప్పలేదు. మనిషి పేరు చాలు. పాన్ కార్డు, బ్యాంకు ఖాతా ఉంటే చాలు.

చట్టం నిజంగా ఏం చెబుతోంది?

మన పిల్లలు ఇప్పుడు చేస్తున్న పనులు చూడండి. మదనపల్లెలో పెళ్లిళ్లకు వీడియోలు తీసేవాళ్లున్నారు. పుంగనూరులో వైరింగు, పెయింటింగు పనులు సొంతంగా పట్టుకునేవాళ్లున్నారు. కుప్పంలో ఇంట్లో కూర్చుని బెంగళూరు ఆఫీసులకు డిజైను, డేటా ఎంట్రీ చేసేవాళ్లున్నారు. ఎన్జీవోలకు సర్వేలు, అనువాదాలు చేసేవాళ్లున్నారు. వీళ్లలో ఒక్కరికీ కంపెనీ లేదు. అవసరం కూడా లేదు. ఒక మనిషి తన పేరు మీద తాను పని చేసుకుంటే చట్టం దృష్టిలో ఆ మనిషి, ఆ వ్యాపారం ఒక్కటే. దానికి కంపెనీల రిజిస్ట్రారు దగ్గరికి పోవాల్సిన పని లేదు.

"మరి జీఎస్టీ?" అంటారు. సేవలు అందించేవాళ్లకు ఏడాది మొత్తం రాబడి 20 లక్షలు దాటితేనే జీఎస్టీ రిజిస్ట్రేషన్ తప్పనిసరి. వస్తువులు మాత్రమే అమ్మేవాళ్లకు మన ఆంధ్రప్రదేశ్‌లో ఆ హద్దు 40 లక్షలు. మనలో ఎంతమందికి ఏడాదికి 20 లక్షలు వస్తున్నాయి? వస్తే సంతోషమే, అప్పుడు రిజిస్టరు చేయించుకుందాం. అప్పటిదాకా జీఎస్టీ నంబరు లేకుండా బిల్లు ఇవ్వడం తప్పు కాదు. నంబరు లేకుండా జీఎస్టీ వసూలు చేయడం తప్పు. ఈ రెంటికీ తేడా గట్టిగా గుర్తుపెట్టుకోండి.

కుప్పం పిల్లలకు ఇంకో భయం ఉంది. మూడు రాష్ట్రాల మూల కదా అది, పని ఇచ్చేవాళ్లు ఎక్కువగా బెంగళూరులోనో కృష్ణగిరిలోనో ఉంటారు. "వేరే రాష్ట్రానికి పని చేస్తే ఒక్క రూపాయికైనా జీఎస్టీ ఉండాలంట" అని ఎవరో చెబుతారు. మొదట్లో రూలు అట్లనే ఉండేది. 2017 అక్టోబరులో కేంద్రం మినహాయింపు ఇచ్చింది. 20 లక్షల లోపు రాబడి ఉన్నవాళ్లు వేరే రాష్ట్రాలకు సేవలు అందించినా రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. వస్తువులు పంపేవాళ్లకు ఈ వెసులుబాటు అట్లనే వర్తించదు. చేతివృత్తుల వస్తువులకు కొన్ని షరతులతో వేరే మినహాయింపు ఉంది కాబట్టి బుట్టలు, చాపలు బయటి రాష్ట్రానికి పంపేవాళ్లు ముందే కనుక్కోండి.

అకౌంట్స్ సార్లకు ఇంకో సందేహం ఉంటుంది. "నీకు జీఎస్టీ లేకపోతే మాకు ఇన్‌పుట్ క్రెడిట్ రాదు కదా." నిజమే, రాదు. మనం పన్ను వేయలేదు, ఆయన కట్టలేదు. కట్టని పన్నును వెనక్కి తీసుకునేది ఏముంది? ఆయనకు పోయిందేమీ లేదు. ఈ మాట మర్యాదగా, భయపడకుండా చెప్పడం నేర్చుకోవాలి.

ఇంకోటి. నా పనికి ఆ మదనపల్లె షాపాయన ఇచ్చిన బిల్లు ఉంది చూడండి, తప్పు అక్కడుంది. పని చేయకుండా, సేవ అందించకుండా బిల్లు ఇవ్వడం జీఎస్టీ చట్టం కింద శిక్ష పడే నేరం. ఒక ఆఫీసు నన్ను నిజమైన బిల్లు వద్దని, దొంగ బిల్లు తెమ్మంది. నేను తెచ్చాను. పైగా దానికి పదివేలు కట్టాను. ఇప్పుడు తలచుకుంటే నవ్వొస్తుంది, ఏడుపూ వస్తుంది.

ఇది డబ్బుల లెక్క ఒక్కటే కాదు

మేము ఎరుకల వాళ్లం. మా అవ్వ వెదురు గంపలు అల్లేది. ఇప్పుడు మదనపల్లె మార్కెట్టులో టమోటా అంతా ప్లాస్టిక్ క్రేట్లలో పోతోంది గానీ, మా అవ్వ వయసులో ఉన్నప్పుడు గంపలకు గిరాకీ ఉండేదంట. గంపలు తీసుకునే షాపాయన గోడ మీద బొగ్గుతో గీతలు గీసేవాడు. పది గంపలకు ఒక గీత. పండగ ముందర కూర్చోబెట్టి గీతలు లెక్కపెట్టి డబ్బులిచ్చేవాడు. గోడకు సున్నం కొట్టిన ఏడు కొన్ని గీతలు మాయమయ్యేవి. "అడగలేదా అవ్వా?" అంటే, "ఏమని అడిగేది నాయనా, గోడ ఆయనది, బొగ్గు ఆయనది" అంటుంది.

నేను డిగ్రీ చదివి, కంప్యూటరు నేర్చుకుని, ఇంకొకడి బిల్లు బుక్కులో నా కష్టం రాయించుకున్నాను. మా అవ్వకూ నాకూ తేడా ఏముంది? గోడ ఆయనది, బొగ్గు ఆయనది.

మన పేర్లు కాగితాల మీద లేవా అంటే ఉన్నాయి. ఎట్లాంటి కాగితాల మీద? బ్రిటిష్ వాళ్లు 1871లో నేరస్త తెగల చట్టం తెచ్చారు. 1911లో దాన్ని తిరగరాసి మద్రాసు రాజధానికి కూడా తెచ్చారు. మా ఎరుకల వాళ్ల పేర్లు, వేలిముద్రలు పోలీసు రిజిస్టర్లకు ఎక్కాయి. స్టువర్టుపురం లాంటి సెటిల్మెంట్లలో పెట్టారు. హాజరు వేయించుకోకుండా ఊరు దాటకూడదు. ఆ చట్టం 1952లో పోయింది, ఆ ముద్ర పోవడానికి ఇంకా ఎన్నాళ్లో. దొంగల రిజిస్టర్లో మన పేరు రాయడానికి వాళ్లకు కాగితం దొరికింది. మన గంపల లెక్క రాయడానికి మాత్రం గోడే దిక్కయింది.

యానాది అన్నదమ్ముల సంగతి మీకు తెలుసు. వెట్టిచాకిరి రద్దు చట్టం 1976లో వచ్చింది. వెట్టి ఎట్ల నడిచింది? అప్పు ఎంతో, తీరింది ఎంతో, చేసిన పని ఎంతో, అంతా యజమాని నోట్లో ఉంటుంది. పని చేసినవాడి చేతిలో ఒక్క కాగితం ఉండదు. కాబట్టి "బిల్లు గురించి కూడా పోస్టా, మన పోరాటం భూమి గురించి కదా, సర్టిఫికెట్ల గురించి కదా" అనే మిత్రులకు నా జవాబు ఇదే. చేసిన పని మన పేరు మీద కాగితం ఎక్కడం కూడా హక్కే. పట్టా మన పేరు మీద ఉండాలని అడిగేవాళ్లం, బిల్లు ఇంకొకడి పేరు మీద ఉంటే ఎందుకు ఊరుకుంటున్నాం?

దీని వెనక ఇంకో నష్టం ఉంది, వెంటనే కనపడదు. నా 36,000 ఎవరి రాబడిగా లెక్కలోకి పోయింది? షాపాయన రాబడిగా. రేపు కెమెరా కోసం బ్యాంకు లోనుకు పోతే మేనేజరు ఐటీ రిటర్న్ అడుగుతాడు. నా రాబడి సున్నా. ఐదేళ్లు పని చేసినా "అనుభవం ఏముంది, చూపించు" అంటే చూపించేదేమీ లేదు. నా అనుభవం ఇంకొకడి ఫైల్లో ఉంది.

బిల్లు ఎట్ల రాయాలి?

పెద్ద సాఫ్ట్‌వేర్లు వద్దు. తెల్ల కాగితం మీద చేత్తో రాసినా చెల్లుతుంది. ఫోనులో టైపు చేసి పీడీఎఫ్ చేస్తే ఇంకా మంచిది. నేనిప్పుడు వాడేది ఇది:

బిల్లు నంబరు: 07 / 2025–26
తేదీ:
పని చేసినవారు: పాన్ కార్డులో ఉన్నట్టే పేరు, చిరునామా, ఫోను, పాన్ నంబరు
పని చేయించుకున్నవారు: సంస్థ పూర్తి పేరు, చిరునామా
పని వివరం: ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ వరకు నాలుగు రోజుల ఫోటో, వీడియో చిత్రీకరణ, ఎడిటింగ్, ఆరు పోస్టర్ల డిజైను
రేటు, మొత్తం: అంకెల్లో, అక్షరాల్లో
జీఎస్టీ: రిజిస్ట్రేషన్ పరిధిలో లేను, పన్ను వసూలు చేయలేదు
డబ్బు చెల్లించాల్సిన గడువు: బిల్లు తేదీ నుంచి 15 రోజులు
బ్యాంకు ఖాతా నంబరు, ఐఎఫ్ఎస్‌సీ, యూపీఐ
సంతకం

అంతే. దీనికి పదివేల ఎనభై రూపాయలు కట్టాను నేను.

కొన్ని జాగ్రత్తలు చెప్తా, ఇవన్నీ దెబ్బ తిని నేర్చుకున్నవే.

పైన "టాక్స్ ఇన్‌వాయిస్" అని రాయొద్దు. అది జీఎస్టీ రిజిస్టరు అయినవాళ్లు వాడే పేరు. మనం "బిల్లు" అనో "ఇన్‌వాయిస్" అనో రాస్తే చాలు.

నంబర్లు వరసగా ఉండాలి. ఏడో బిల్లు తర్వాత ఎనిమిదోది. మధ్యలో ఒకటి చెడిపోతే కొట్టేసి దాచుకోండి, చింపేయొద్దు. ప్రతి బిల్లుకూ ఒక నకలు మన దగ్గర ఉండాలి.

పేరు విషయంలో నేను ఇంకోసారి దెబ్బ తిన్నాను. షోకుగా ఉంటుందని ఒక స్టూడియో పేరు పెట్టుకుని దాని మీద బిల్లు ఇచ్చాను. వాళ్లు అదే పేరు మీద చెక్కు రాశారు. ఆ పేరు మీద నాకు ఖాతా లేదు, బ్యాంకులో తీసుకోలేదు. చెక్కు మార్పించడానికి మూడుసార్లు బస్సు ఛార్జీలు పెట్టుకున్నాను. స్టూడియో పేరు ఇష్టమైతే పైన చిన్నగా రాసుకోండి. చెక్కు మాత్రం మీ సొంత పేరు మీదే రాయమని బిల్లులో స్పష్టంగా పెట్టండి.

బిల్లు వేరు, రసీదు వేరు. బిల్లు అంటే "నాకు ఇంత రావాలి" అని అడగడం. రసీదు అంటే "నాకు ఇంత ముట్టింది" అని ఒప్పుకోవడం. డబ్బు చేతికి రాకముందే రసీదు మీద సంతకం పెట్టమంటారు కొందరు. పెట్టొద్దు. నగదు 5,000 దాటి తీసుకుంటే రసీదు మీద రూపాయి రెవెన్యూ స్టాంపు అంటించి సంతకం చేయాలి.

అన్నిటికంటే ముఖ్యం, పని మొదలుపెట్టకముందే ఏం పని, ఎంత డబ్బు, ఎప్పుడు ఇస్తారు అనేది రాతలో ఉండాలి. అగ్రిమెంటు అని భయపెట్టక్కర్లేదు. "సార్, మనం మాట్లాడుకున్నట్టు ఫలానా పని, 36,000, బిల్లు ఇచ్చిన 15 రోజుల్లో చెల్లింపు. సరేనా సార్?" అని ఒక వాట్సాప్ మెసేజీ పెట్టండి. ఆయన "ఓకే" అంటే అది ఒక ఆధారం. ఆ చాటు చెరిపేయొద్దు. బాకీ కోసం సివిల్ కోర్టుకు పోవాలంటే మామూలుగా మూడేళ్ల గడువు ఉంటుంది, మూడేళ్ల తర్వాత ఫోను మార్చేశాను అంటే లాభం లేదు.

టీడీఎస్ అంటే కోత కాదు, మన డబ్బే

బిల్లు ఇచ్చాక కొంత పట్టుకుని ఇస్తారు. మనవాళ్లు చాలామంది "నా డబ్బులు తినేశారు" అనుకుంటారు. అది టీడీఎస్, మన పాన్ నంబరు మీద ఆదాయపు పన్ను శాఖకు జమ అయ్యే డబ్బు. కాంట్రాక్టు పనులకు మనిషి పేరు మీద బిల్లు అయితే 1 శాతం. అది కూడా ఒక్క బిల్లు 30,000 దాటితేనో, ఏడాది మొత్తం లక్ష దాటితేనో. ప్రొఫెషనల్ ఫీజు కింద రాస్తే 10 శాతం, దానికి ఏడాదికి 50,000 హద్దు. 2026 ఏప్రిల్ నుంచి కొత్త ఆదాయపు పన్ను చట్టం అమల్లో ఉంటుంది. పాత సెక్షన్ల నంబర్లు బట్టీ పట్టకండి, పద్ధతి అర్థం చేసుకోండి.

నా పుంగనూరు పనికి నేనే బిల్లు ఇచ్చి ఉంటే, కాంట్రాక్టు కింద లెక్కేస్తే పోయేది 360 రూపాయలు. అది కూడా రిటర్న్ వేస్తే వెనక్కి వచ్చేది. 10,080 ఎక్కడ, 360 ఎక్కడ!

పాన్ ఇవ్వకపోతే మాత్రం 20 శాతం పట్టుకుంటారు. ఆధార్‌తో లింకు కాక పాన్ పనిచేయకుండా పోయినా దాదాపు అదే గతి. బిల్లు రాసే ముందు ఈ ఒక్కటి సరిచూసుకోండి.

ఇక్కడ మనలో ఒక పెద్ద అపోహ ఉంది. "ఎస్టీలకు ఇన్‌కం టాక్స్ లేదు కదన్నా, రిటర్న్ ఎందుకు?" అని చాలామంది అడిగారు. ఆ మినహాయింపు నిజంగానే ఉంది. కానీ అది నాగాలాండ్, మణిపూర్, మిజోరం, త్రిపుర, అరుణాచల్, ఇంకా ఆరో షెడ్యూలు ప్రాంతాలు, లడాఖ్ లాంటి చోట్ల ఉండే ఎస్టీలకు, అక్కడ వచ్చే ఆదాయానికి. మదనపల్లెలో ఉండే ఎరుకల వాడికి లేదు, పాడేరులో ఉండే అన్నకూ లేదు.

భయపడాల్సిన పని లేదు. 2025–26 నుంచి కొత్త పన్ను విధానంలో 12 లక్షల లోపు ఆదాయానికి రిబేటు పోగా పన్ను ఏమీ పడదు. చిన్న వ్యాపారాలకు, కొన్ని వృత్తులకు పెద్ద లెక్కల పుస్తకాలు లేకుండా రాబడిలో ఇంత శాతం ఆదాయం అని చూపించే తేలిక పద్ధతి కూడా ఉంది. రిటర్న్ వేస్తే పట్టుకున్న టీడీఎస్ తిరిగొస్తుంది. రెండు మూడేళ్లు వరసగా వేస్తే అదే రేపు బ్యాంకులో మన మొహం.

డబ్బులు ఇవ్వకపోతే?

కుప్పంలో మా వరసకు తమ్ముడు ఒకడు బెంగళూరు ఆఫీసుకు డిజైన్లు చేస్తాడు. మూడు నెలలు తిప్పించుకున్నారు. "ఫైల్ పైన ఉంది", "సార్ ఊళ్లో లేడు", "నెక్స్ట్ వీక్". వాడు అడిగాడు, "అన్నా, మనం చిన్నోళ్లం కదా, ఏం చేస్తాం?" అని.

చిన్నోళ్ల కోసమే ఒక చట్టం ఉంది. 2006లో వచ్చిన ఎంఎస్ఎంఈ అభివృద్ధి చట్టం. ఒక్క మనిషి చేసుకునే పని కూడా అందులో సూక్ష్మ సంస్థ కిందికి వస్తుంది. ఉద్యం పోర్టల్లో ఆధార్, పాన్‌తో రిజిస్టరు చేసుకోవాలి. ఒక్క రూపాయి ఫీజు లేదు. డబ్బులు అడిగే వెబ్‌సైటు ఏదైనా అది ప్రభుత్వానిది కాదు, మోసపోకండి. అందులో సామాజిక వర్గం అడిగే చోట ఎస్టీ అని తప్పకుండా పెట్టండి.

ఆ రిజిస్ట్రేషన్ ఉంటే ఏమొస్తుంది? రాతలో గడువు లేకపోతే పని ఒప్పుకున్న 15 రోజుల్లో డబ్బు ఇవ్వాలి. గడువు రాసుకున్నా 45 రోజులు దాటకూడదు. దాటితే రిజర్వు బ్యాంకు రేటుకు మూడు రెట్లు, నెలనెలా చక్రవడ్డీ కట్టాలి. ఇవ్వకపోతే ఆన్‌లైన్లో ఫిర్యాదు పెడితే అది రాష్ట్ర ఫెసిలిటేషన్ కౌన్సిల్ ముందుకు పోతుంది. పైగా 2024 ఏప్రిల్ నుంచి ఇంకో కొరడా వచ్చింది. మనలాంటి సూక్ష్మ, చిన్న సంస్థలకు గడువులోగా డబ్బు కట్టని వ్యాపారి, కట్టేదాకా ఆ ఖర్చును తన పన్ను లెక్కలో చూపించుకోలేడు. ఇది పెద్ద ఆఫీసుల ఆడిటర్లకు బాగా తెలుసు.

ఒక్క షరతు మరచిపోవద్దు. పని చేసేశాక, గొడవ వచ్చాక రిజిస్టరు చేయిస్తే పాత బిల్లుకు ఇది వర్తిస్తుందనే నమ్మకం లేదు. ముందే చేయించుకుని ఆ నంబరు ప్రతి బిల్లు మీద వేయాలి.

మా తమ్ముడికి ముందే ఉద్యం నంబరు ఉండింది. ఈ గడువు, వడ్డీ సంగతి నాలుగు వరుసల్లో మర్యాదగా రాసి మెయిలు పెట్టాడు. తొమ్మిదో రోజు డబ్బులు పడ్డాయి. సారు ఊళ్లోనే ఉన్నాడంట!

బిల్లు రాయకూడని చోటు కూడా ఉంది

ఇది చదివి ప్రతిచోటా బిల్లు రాయండి అని నేను చెప్పినట్టు అనుకోవద్దు. ఈ మధ్య ఇంకో ఆట నడుస్తోంది. రోజూ తొమ్మిదికి రావాలి, ఆరింటిదాకా ఉండాలి, సెలవు అడిగి తీసుకోవాలి, వాళ్లు చెప్పిన పనే చేయాలి, నెలకు ఇంత. అది ఉద్యోగం. కానీ "నువ్వు కన్సల్టెంటువి, నెలనెలా ఇన్‌వాయిస్ ఇవ్వు" అంటారు. ఎందుకు? ఉద్యోగి అంటే 20 మంది ఉన్న చోట పీఎఫ్ కట్టాలి, పది మంది ఉన్న చోట 21,000 లోపు జీతానికి ఈఎస్ఐ కట్టాలి. బిల్లు రాయిస్తే అవేమీ లేవు. అక్కడ బిల్లు మన ఆయుధం కాదు, మన మెడకు ఉచ్చు.

కాబట్టి ముందు ఒక ప్రశ్న వేసుకోండి: నా పని ఎప్పుడు, ఎట్ల చేయాలో నిర్ణయించేది నేనా, వాళ్లా? నేనైతే బిల్లు. వాళ్లైతే జీతం, పీఎఫ్, ఈఎస్ఐ, నియామక పత్రం అడగాలి. పని దొరకడమే కష్టమైన చోట అడిగితే ఉన్నది పోతుందనే భయం నాకు తెలుసు. అందుకే ఒక్కొక్కరం కాకుండా నలుగురం కలిసి అడగాలంటున్నా.

మనం అడగాల్సింది

2012 నుంచి కేంద్ర ప్రభుత్వ శాఖలకు, ప్రభుత్వ రంగ సంస్థలకు ఒక విధానం ఉంది. వాళ్ల కొనుగోళ్లలో చిన్న సంస్థల వాటా ఇప్పుడు 25 శాతం ఉండాలి, అందులో 4 శాతం ఎస్సీ, ఎస్టీల సంస్థల నుంచి కొనాలి. దీని కోసమే 2016లో జాతీయ ఎస్సీ, ఎస్టీ హబ్ పెట్టారు. ఇప్పుడు ఆలోచించండి. పని మనం చేసి, బిల్లు మదనపల్లె షాపాయన పేరు మీద పోతే, ఆ 4 శాతంలో మనం ఎక్కడ లెక్కకొస్తాం? "ఎస్టీల్లో పని చేసేవాళ్లు దొరకలేదు" అని వాళ్లు రాసుకుంటారు. దొరకక కాదు, మన పేరు కాగితం మీద లేక.

చిత్తూరు, మదనపల్లె వైపు మనం షెడ్యూల్డ్ ఏరియాలో లేం. 1/70 లేదు, పీసా లేదు. మైదానంలో ఊరికి నాలుగిళ్లు, పది ఇళ్లుగా చెదిరి ఉన్నాం. మనకు ఉన్న రక్షణ కొద్ది. అందుకే ఉన్న ప్రతి కాగితాన్నీ గట్టిగా పట్టుకోవాలి.

నా డిమాండ్లు మూడే. ప్రభుత్వ ఆఫీసులు, ప్రభుత్వ నిధులతో నడిచే సంస్థలు చిన్న పనులకు వ్యక్తి పేరు మీద, పాన్‌తో ఇచ్చిన బిల్లు తీసుకుంటామని నోటీసు బోర్డు మీద రాయాలి. గిరిజన సంక్షేమ శాఖ హాస్టళ్లలో, డిగ్రీ కాలేజీల్లో చివరి ఏడాది పిల్లలకు పాన్, ఉద్యం, బిల్లు రాయడం ఒక పూట కూర్చోబెట్టి నేర్పించాలి. మన సంఘాలు కూడా మీటింగుకు ఫ్లెక్సీ వేయించినా, పాట రికార్డింగు చేయించినా, మన పిల్లల దగ్గర బిల్లు తీసుకుని గడువులో డబ్బు ఇవ్వాలి. "మనోడే కదా, ఉద్యమం కోసం చేస్తాడులే" అనేది కూడా గోడ మీద బొగ్గు గీతే.

పోయిన నెల మళ్లీ పుంగనూరులో పని వచ్చింది, ఇంకో ఆఫీసు. మళ్లీ అదే ప్రశ్న, "ఫర్మ్ ఉండాదా?" "లేదు సార్, నా పేరు మీదే బిల్లు ఇస్తాను, పాన్ ఇది, ఉద్యం నంబరు ఇది" అన్నాను. ఆయన కాగితం రెండు పక్కలా తిప్పి చూశాడు. పక్క టేబులాయన్ని అడిగాడు. ఫైల్లో పెట్టుకున్నాడు. పదకొండు రోజులకు డబ్బు పడింది.

ఆ బిల్లు నకలు ఇంటికి తెచ్చి మా అవ్వకు చూపించాను. చదవడం రాదు. పైన నా పేరు మీద వేలు పెట్టి "ఇదేంది?" అంది. "నా పేరు అవ్వా. నేను చేసిన పనికి నేనే రాసుకున్న లెక్క" అన్నాను. కాసేపు చూసి, "సున్నం కొడితే పోదు కదా?" అంది.

పోదు అవ్వా.